స్మారక ఉపకారవేతనం రంగుల డబ్బా దాకా చేరాలంటే

వర్ధంతి రోజున జరిగే ఉపకారవేతన సభలు నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. వేదిక వెనుక దివంగతుల ఫొటోతో ఫ్లెక్సీ, ముందు వరుసలో కుటుంబసభ్యులు, జ్యోతి ప్రజ్వలన, నలుగురైదుగురు పెద్దల ప్రసంగాలు, ఆఖరున పదో తరగతిలోనూ ఇంటర్‌లోనూ మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు తలా ఒక చెక్కు, ఒక జ్ఞాపిక. ఇంజినీరింగుకో మెడిసిన్‌కో పోయే పిల్లల విషయంలో ఈ పద్ధతి కొంతమేరకు పనిచేస్తుంది. మార్కులకూ సీటుకూ, సీటుకూ ఫీజుకూ అక్కడ నేరుగా లంకె ఉంది. ఇదే పద్ధతిని ఉన్నదున్నట్టుగా చిత్రలేఖనమో శిల్పమో చదివే విద్యార్థికి వర్తింపజేస్తే దాత ఇచ్చిన సొమ్ముకూ విద్యార్థి అవసరానికీ పొంతన కుదరదు. సొమ్ము సరిపడా ఉన్న సందర్భాల్లో కూడా అది రావలసిన వేళకు రాదు, ఖర్చయ్యే పద్దుకు చేరదు, తగిన మనిషిని వెతికి పట్టుకోదు.

లలితకళల కోసం ప్రత్యేకంగా ఉపకారవేతనం నెలకొల్పాలనే ఆలోచన ఈ జిల్లాల్లో అరుదు. నెలకొల్పాలనుకున్న కుటుంబానికి ముందుగా తెలియవలసింది ఈ చదువు ఖర్చు ఎలా నడుస్తుందన్న సంగతి.

ఫీజు చిన్న పద్దు

తెలంగాణలో అర్హత ఉన్న విద్యార్థులకు ఈపాస్ అనే ఆన్‌లైన్ ఉపకారవేతన వ్యవస్థ ద్వారా ప్రభుత్వమే బోధన రుసుము తిరిగి చెల్లిస్తుంది. బకాయిలు పేరుకుపోవడం, ఆ కారణంగా పిల్లలు సర్టిఫికెట్ల కోసం కాలేజీల చుట్టూ తిరగడం అందరూ ఎరిగిందే అయినా, ఫీజుకు కాగితం మీదనైనా ఒక దారి ఉంది. రంగులకు, కాన్వాసుకు, జింకు పలకకు, రాతికి అలాంటి దారి ఏదీ లేదు. బీఎఫ్‌ఏ లలితకళల్లో నాలుగేళ్ల డిగ్రీ కోర్సు. ఆ నాలుగేళ్లూ ప్రతి నెలా కొనవలసిన సరుకే అసలు ఖర్చు.

ఒక్క నూనె రంగుల చిత్రం ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. ముందు చెక్క చట్రం కావాలి. దాని మీద గుడ్డను బిగువుగా లాగి, అంచులు వెనక్కి మడిచి, నాలుగు వైపులా మధ్య నుంచి మూలలకు మేకులు కొట్టుకుంటూ పోవాలి. మూలల నుంచి మొదలుపెడితే గుడ్డ ముడతలు పడుతుంది. బిగించిన గుడ్డకు రెండు మూడు పూతలు ప్రైమర్ వేసి, పూత ఆరిన ప్రతిసారీ గరుకు కాగితంతో రుద్దాలి. రంగు పని ఆ తరువాతే. రంగును పలుచన చేయడానికి టర్పెంటైన్, మెరుపు నిలవడానికి అవిసె నూనె, పందివెంట్రుకల కుంచెలు నాలుగైదు నంబర్లలో కావాలి. ట్యూబుల్లో తెలుపు అన్నిటికంటే ముందు అయిపోతుంది. కాడ్మియం ఎరుపు, కోబాల్ట్ నీలం వంటివి ఆ లోహాలతోనే తయారవుతాయి కనుక మామూలు రంగుల కంటే బాగా ఖరీదు.

చేతిలో డబ్బు లేని విద్యార్థి సిద్ధంగా దొరికే కాన్వాసు మానేసి గాడా గుడ్డ తెచ్చుకుంటాడు. ఫెవికాల్‌ను నీళ్లలో కలిపి దానికి పట్టించి, పైన ఇళ్ల గోడలకు వేసే ప్రైమర్ పూస్తాడు. ఆ పూటకు అది బాగానే కనబడుతుంది. కాలం గడిచేకొద్దీ పూత పెళుసెక్కి బీటలు వారే అవకాశం ఎక్కువ. అంతకంటే లోతైన నష్టం మరొకటి ఉంది. తెలుపు ట్యూబు నెలాఖరు దాకా రావాలి కాబట్టి రంగును పలుచగా లాగడం అలవాటవుతుంది. క్రమంగా ఆ పొదుపే చేతి తీరుగా స్థిరపడుతుంది. ఏడాది చివర జ్యూరీలో కూర్చున్నవారు దానిని శైలి అని మెచ్చుకున్నా మెచ్చుకోవచ్చు.

ఒక్కో శాఖ ఖర్చుకు ఒక్కో నడక ఉంటుంది. శిల్పంలో మట్టిని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. మూసకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్, పోతకు ఫైబర్ కొనక తప్పదు, కంచు పోత చాలామందికి చదువు పూర్తయ్యేదాకా అందని మాట. ముద్రణ చిత్రకళలో జింకు పలకను ఆమ్లంలో అవసరానికి మించి ఉంచితే ఆమ్లం గీతను తినేస్తుంది, పలక మొత్తం పోతుంది. రెండో పలక కొనలేని విద్యార్థి సాహసించడు, తెలిసిన గీతనే మళ్లీ గీస్తాడు. అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ చదివేవారికి మొదటి ఏడాదే మంచి కంప్యూటర్ కావాలి, ఆ తరువాత నెలవారీ సరుకు పెద్దగా ఉండదు. చిత్రలేఖనానికి నెలనెలా, యానిమేషన్‌కు ఒకేసారి ముందుగా, శిల్పానికి పని ముగింపుకు వచ్చినప్పుడు డబ్బు కావాలి. అందరికీ డిసెంబరులో ఒకే మొత్తం చెక్కు రాసిచ్చే పథకం ఈ మూడింటిలో దేనికీ సరిపడదు.

వంద కిలోమీటర్లు

దక్షిణ తెలంగాణ పిల్లలకు ఈ చదువు హైదరాబాదులోనే ఉంది. మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం 2008లో విశ్వవిద్యాలయంగా ఏర్పడింది. అక్కడి లలితకళల కళాశాలకు నిజాం కాలం నాటి మూలాలున్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళల పాఠశాలలో పీజీ స్థాయి చదువు ఉంది. శిల్పం, చిత్రలేఖనం బోధించే తెలుగు విశ్వవిద్యాలయానికి ఇటీవల పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు గాని, పాలమూరు నుంచి అక్కడికి పోయే దూరం అలాగే ఉంది.

మహబూబ్‌నగర్ నుంచీ నల్లగొండ నుంచీ హైదరాబాదుకు దాదాపు వంద కిలోమీటర్లే. రోజూ వచ్చిపోవడం సాధ్యమేననిపిస్తుంది. బీకాం విద్యార్థికి సాధ్యం కావచ్చు. తడి ఆరని మూడడుగుల కాన్వాసుతో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కే విద్యార్థికి కాదు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు కనుక ఆడపిల్లలకు చార్జీ భారం తప్పింది. కాన్వాసుకు సీటు దొరికే పథకం ఇంకా రాలేదు. గద్వాల పిల్లలకైతే ఆ దూరం దాదాపు రెట్టింపు. అందుచేత నగరంలో గది తీసుకోవాలి, ఆ గదిలో పడుకోవడానికి చోటుతో పాటు బొమ్మ నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి నడిచి చూసుకునే చోటు కూడా ఉండాలి. టర్పెంటైన్ వాసనకు ఇంటి యజమానులు పెట్టే అభ్యంతరాలు కళా విద్యార్థులందరికీ అనుభవమే.

ఊరి నుంచి వచ్చిన విద్యార్థికి నగరంలో గది దొరకడమే సగం ఉపకారవేతనమన్న ఎరుక ఈ ప్రాంతంలో పాతదే. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టి హైదరాబాదు కొత్వాలుగా ఎదిగిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి 1918లో రెడ్డి హాస్టల్ నెలకొల్పడానికి కారణం అదే. నేటి దాతలు చెక్కుకు ఇచ్చినంత విలువ గదికి ఇవ్వరు. చెక్కు ఫొటోలో పడుతుంది, గది పడదు.

ప్రవేశానికి ముందు దశ మరింత బలహీనం. బీఎఫ్‌ఏ సీటు కోసం విశ్వవిద్యాలయం నిర్వహించే ప్రవేశ పరీక్షలో బొమ్మ గీసి చూపాలి. నగరంలోని పిల్లలకు దీనికి కోచింగ్ ఉంది. అచ్చంపేటలోనో దేవరకొండలోనో ఇంటర్ చదివే విద్యార్థికి డ్రాయింగ్ మాస్టారు ఉన్న బడి దొరికితే అదృష్టం. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ పూర్తి చేసినవారు పల్లెల్లో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ప్రవేశ పరీక్షకు ముందు రెండు నెలలు ఇలాంటి ఒకరికి గౌరవవేతనమిచ్చి, పదిమంది పిల్లలకు కాగితాలూ రంగులూ సమకూర్చి కూర్చోబెట్టే ఖర్చు, వార్షిక సభకయ్యే హాలు అద్దె, భోజనాల ఖర్చుకు మించదు. ఉపకారవేతనం కోర్సులో చేరినవారి నుంచే మొదలైతే, చేరలేకపోయినవారు దాత దృష్టికి ఎన్నటికీ రారు.

వర్షాశనం అనే పాత మాట

ఈ నేల మీద కళకు డబ్బు ఎలా అందేదో గుర్తు చేసుకుంటే నేటి నమూనా ఎక్కడ సన్నగిల్లిందో అర్థమవుతుంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానాలు పండితులకూ కవులకూ ఏటా నిర్ణీత కాలంలో సంభావన ఇచ్చేవి. దానిని వర్షాశనం అనేవారు. విద్వద్గద్వాల అన్న పేరు అలా వచ్చిందే. కులాలను ఆశ్రయించి బతికిన చిందు కళాకారులు మొదలైన వారికి ఊళ్ల మీద మిరాశీ హక్కు, అంటే తరతరాలుగా ఆ ఊళ్లలో ఆడి ప్రతిఫలం పొందే హక్కు ఉండేది. ఆ ఏర్పాటు వెనుక ఉన్న కులవ్యవస్థనూ, దొరతనాన్నీ, కళాకారుణ్ణి చేయి చాచేవాడిగా నిలబెట్టిన తీరునూ వెనకేసుకు రానవసరం లేదు. దాని ఆర్థిక లక్షణం ఒక్కటి గమనించదగ్గది. వర్షాశనం ఒక్కసారి ఇచ్చే బహుమానం కాదు, ఏటా వస్తుందని తెలిసి బతుకును దాని చుట్టూ అమర్చుకోగల ఆదాయం. సంస్థానాల విలీనంతోనూ, 1955 నాటి ఇనాముల రద్దు చట్టంతోనూ ఆ ఏర్పాట్ల పునాదులు పోయాయి. వాటి చోట వచ్చిన అవార్డు, సన్మానం, నగదు పురస్కారం గతంలో చేసిన పనికి ఇచ్చేవి, ముందు చేయబోయే పనికి పనికివచ్చేవి కావు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే నారాయణపేట జిల్లా దామరగిద్ద వాసి దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ వాద్యాలు నేర్చుకునే పదిహేనేళ్ల పిల్లవాడికి నెలనెలా అందేది ఏమిటన్న ప్రశ్నకు పద్మశ్రీ జవాబు చెప్పదు.

కేంద్ర ప్రభుత్వ పథకాలు కొంత జవాబు చెబుతాయి. సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఇచ్చే ప్రతిభాన్వేషణ ఉపకారవేతనం ఏడాదికి 3,600 రూపాయలు, దానితో పాటు గరిష్ఠంగా 9,000 రూపాయల శిక్షణ రుసుము. సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకు అందులో ప్రత్యేక వాటా ఉంది. 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు సంస్కృతి మంత్రిత్వ శాఖ రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయలు ఇస్తుంది. ఆ ఉపకారవేతనాలు దేశమంతటికీ కలిపి 400. చిత్రలేఖనం, శిల్పం, సంగీతం, నృత్యం, నాటకం, జానపద కళలు అన్నీ ఆ నాలుగు వందల్లోనే సర్దుకోవాలి. పద్నాలుగేళ్లకూ పద్దెనిమిదేళ్లకూ మధ్య, అంటే పిల్లవాడు ఏ దారి పట్టాలో ఇంట్లో తేలే కాలంలో, కొత్తగా దరఖాస్తు పెట్టుకోదగ్గ పథకం ఈ రెంటిలో లేదు. జిల్లా స్థాయి స్మారక నిధికి ఇంతకంటే మంచి చోటు మరొకటి కనబడదు.

సరైన వేళకు అందిన సాయం ఏం చేస్తుందో చెప్పడానికి తోట వైకుంఠం ఉదాహరణ చాలు. కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టి హైదరాబాదులో చదివిన ఆయన, ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఫెలోషిప్‌తో బరోడా వెళ్లి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. డిగ్రీ చేతికి వచ్చాక, గుర్తింపు ఇంకా రాకముందు అందిన సాయం అది. చాలా స్మారక ఉపకారవేతనాలు డిగ్రీతోనే ఆగిపోతాయి. కళా విద్యార్థికి అన్నిటికంటే గడ్డు ఏడాది ఆ తరువాతిదే. కాలేజీ స్టూడియో ఉండదు, అచ్చు యంత్రం ఉండదు, కొలిమి ఉండదు; పెళ్లిళ్ల స్టేజీ అలంకరణలకో, ట్యూషన్లకో పోతూ సొంత పనిని పక్కన పెట్టే ఏడాది అది.

స్మారక పథకాల్లో ఈ విషయాన్ని బాగా పట్టుకున్న వాటిలో కెనడాలోని ఎలిజబెత్ గ్రీన్‌షీల్డ్స్ ఫౌండేషన్ ఒకటి. మాంట్రియల్ న్యాయవాది చార్లెస్ గ్లాస్ గ్రీన్‌షీల్డ్స్ తన తల్లి జ్ఞాపకార్థం 1955లో దానిని నెలకొల్పారు. వృత్తి తొలిదశలో ఉన్న చిత్రకారులకూ శిల్పులకూ, అదీ రూపచిత్రణ పద్ధతిలో, అంటే మనుషులనూ వస్తువులనూ గుర్తుపట్టేలా చిత్రించే తీరులో పనిచేసేవారికే అది సాయం చేస్తుంది; దేశం అడ్డు కాదు. ఎవరికి ఇవ్వాలో ఇంత ఇరుకుగా నిర్ణయించుకోవడం పక్షపాతంలా కనిపించవచ్చు గాని, నిధి చిన్నదైనప్పుడు నిబంధన ఇరుకుగా ఉండడమే మేలు. హైదరాబాదులో 2003లో ఒక కుటుంబ పెద్ద జ్ఞాపకార్థం ఏర్పడిన కృష్ణాకృతి ఫౌండేషన్ కూడా కళోత్సవంతో పాటు కళా విద్యార్థులకు ఉపకారవేతనాలు ఇస్తూ వచ్చింది. జిల్లా కుటుంబాలు ముందుగా చూడవలసిన నమూనా అది.

పది లక్షల లెక్క

దాతలు ఎక్కువగా పొరబడేది మూలనిధి విషయంలో. పది లక్షల రూపాయలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకుంటే, ఏడాదికి 70,000 వస్తుంది. ఏటా ఒక కొత్త విద్యార్థిని ఎంపిక చేసి నాలుగేళ్లూ ఆదుకుంటామని ప్రకటిస్తే నాలుగో ఏడాదికి ఒకేసారి నలుగురు ఉంటారు. ఒక్కొక్కరికి వచ్చేది 17,500. నెలకు పదిహేను వందలు కూడా కాదు. రెండేళ్లకొకసారి ఒకరిని తీసుకుంటే ఎప్పుడూ ఇద్దరే ఉంటారు, తలా 35,000 అందుతుంది. సరుకుకు అది చెప్పుకోదగ్గ ఆసరా. ఏటా సభ జరపాలన్న కోరిక ఉన్న కుటుంబానికి రెండేళ్లకొకసారి ఎంపిక రుచించదు. విద్యార్థి వైపు నుంచి చూస్తే అదే సరైన లెక్క.

రెండో చిక్కు ధరలది. ధరలు ఏటా ఐదు శాతం పెరుగుతాయనుకుంటే నేటి 70,000కు పద్నాలుగు పదిహేనేళ్లలో కొనే శక్తి సగానికి పడిపోతుంది. ఈ గతి పట్టిన వాటిలో విశ్వవిద్యాలయాల స్మారక బంగారు పతకాలు ముందుంటాయి. 2000 ప్రాంతంలో పది గ్రాముల బంగారం ఐదు వేల లోపు ఉండేది, 2025లో లక్ష దాటింది. ఆనాటి డిపాజిట్ వడ్డీతో నేడు బంగారు పూత తప్ప బంగారం రాదు.

ధరలకు దీటుగా మూలనిధిని పెంచుదామంటే ఆదాయపు పన్ను నిబంధన ఒకటి అడ్డు వస్తుంది. పన్ను మినహాయింపు పొందే ధార్మిక ట్రస్టు తన ఆదాయంలో కనీసం 85 శాతం ఆ ఏడాదే లక్ష్యం కోసం ఖర్చు చేయాలి. షరతు లేకుండా మిగుల్చుకోగలిగింది 15 శాతం. 70,000లో అది 10,500, అంటే మూలనిధిలో ఒక శాతం చిల్లర. ప్రత్యేక ప్రయోజనం చూపి ఐదేళ్ల దాకా దాచుకునే వీలుంది గాని, దాచినది చివరికి ఖర్చు చేయవలసిందే. అందుచేత వడ్డీ ఒక్కదాని మీద ఆధారపడిన నిధి ఎంత జాగ్రత్తగా నడిపినా ఏటికేడు కరుగుతుంది. మూలనిధికే అని రాతపూర్వకంగా తెలిపి ఇచ్చే విరాళాలు దీనికి విరుగుడు: కుటుంబంలో ఉద్యోగాలు చేస్తున్న తరం ఏటా కొంత చేర్చాలి, లేదా దివంగతుల శిష్యులూ సహోద్యోగులూ చేర్చాలి. ఆ ఏర్పాటు కుదరని చోట శాశ్వత నిధి ఆలోచన మానేసి, పదిహేనేళ్లలో అసలుతో సహా ఖర్చు చేసి ముగించే పథకం నడపడం నిజాయితీ గల పని. పేరు శాశ్వతంగా ఉండి సాయం నామమాత్రమయ్యే స్థితి కంటే అది నయం.

ట్రస్టు పత్రం రాసే వేళ భూగోళం కూడా చూసుకోవాలి. 2016లో జిల్లాల విభజన జరిగాక పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడివడ్డాయి, 2019లో నారాయణపేట కూడా వేరైంది. పాత పత్రంలో నల్లగొండ జిల్లా విద్యార్థులకు అని ఉంటే పుట్టపాక నేత కుటుంబపు పిల్లవాడు అర్హుడా కాదా అన్న తగవు వస్తుంది. ఉమ్మడి జిల్లా అన్న ఒక్క మాట చేర్చితే అది తీరిపోతుంది.

ఎవరిని ఎంచాలి

ఇంటర్ మార్కుల జాబితా ఈ ఎంపికకు పనికిరాదు. పనికొచ్చేది పోర్ట్‌ఫోలియో. అందులోనూ ముగించిన పది బొమ్మల కంటే చిత్తు గీతల పుస్తకం ఎక్కువ చెబుతుంది. ఒకే చేతిని, ఒకే చెట్టును, ఒకే బస్టాండు బెంచీని ఎన్నిసార్లు గీశాడో, ఏది చెరిపాడో, ఎక్కడ మళ్లీ మొదలుపెట్టాడో అందులో దాగదు. నెట్‌లో దొరికిన ఫొటో చూసి పెన్సిల్‌తో అచ్చుగుద్దినట్టు దించిన సినీ నటుల ముఖాలు ఎంపిక సంఘాలను సులువుగా మురిపిస్తాయి. ఆ నేర్పు నిజమైనదే అయినా, ఎదుట ఉన్న మనిషిని కూర్చోబెట్టి గీయమంటే ఆ చేయి తడబడడం కద్దు. అరగంట సేపు ఎదురుగా ఒక చెంబు, ఒక గుడ్డ పెట్టి గీయించడం ఏ దరఖాస్తు కంటేనైనా నికరమైన పరీక్ష. సంఘంలో కుటుంబసభ్యులు ఒకరికి మించకుండా, పనిచేస్తున్న కళాకారులు ఇద్దరైనా ఉండాలి. దరఖాస్తు తెలుగులో, ఒక పేజీకి మించకుండా ఉండాలి. ఆదాయ ధ్రువపత్రం ఎలాగూ మీసేవ నుంచి వస్తుంది, దానిని ఎంపికైన తరువాత తెమ్మన్నా నష్టం లేదు.

ఈ ప్రాంతంలో చిత్రకళ దగ్గరగా కనిపించే ఇళ్లు కొన్ని ఉన్నాయి, ఎంపిక సంఘం నడిచి పోవలసింది అక్కడికే. ఒకటి సైన్‌బోర్డు పెయింటర్ల ఇల్లు. గోడ మీద సున్నం కొట్టి, దారంతో గీతలు వేసి, అడుగెత్తు అక్షరాలను కొలత లేకుండా నింపిన ఆ తరం ఫ్లెక్సీ వచ్చాక పని పోగొట్టుకుంది. కళా విద్యార్థికి ఉపకారవేతనమిచ్చే సభకు కూడా ఫ్లెక్సీయే కట్టడం గమనించవలసిన సంగతి. ఆ బ్యానరేదో గుడ్డ మీద ఒక పెయింటర్‌తో రాయిస్తే ఖర్చు కొంచెం పెరుగుతుంది, అంతే.

మరొకటి నేత ఇల్లు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట నాలుగూ భౌగోళిక గుర్తింపు పొందిన నేతలకు నిలయాలు. పోచంపల్లి పద్ధతిలో డిజైనును గళ్ల కాగితం మీద గీసి, ఆ గళ్లను లెక్కపెట్టి దారాలకు ముడులు కట్టి అద్దుతారు. నేయకముందే దారం మీద బొమ్మ ఉంటుంది. అంచు కొంచెం చెదిరి మసకబారడం ఆ పద్ధతి సహజ లక్షణం. నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలుకు పేరుపడ్డ పుట్టపాక నుంచి గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలకు గళ్లలో ఆకారాన్ని చూసే కన్ను కాలేజీకి రాకముందే ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని రూపొందించిన ఏలె లక్ష్మణ్ పుట్టిన కదిరేనిగూడెం కూడా పాత నల్లగొండ జిల్లాలోనిదే.

శిల్పం వైపు ఆలోచించే దాతకు ఈ ప్రాంతమే కారణం చూపుతుంది. 2022 మార్చి 28న పునఃప్రారంభమైన యాదాద్రి ఆలయాన్ని కృష్ణశిలతో కట్టిన వందలాది శిల్పుల్లో తమిళనాడు నుంచీ ఆళ్లగడ్డ నుంచీ వచ్చినవారు చాలామంది. పానగల్లు సోమేశ్వరాలయాల స్తంభాలు, అలంపురం నవబ్రహ్మ ఆలయాలు, 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా శిల్పాలు వెళ్లివచ్చిన బౌద్ధ క్షేత్రం ఫణిగిరి ఉన్న నేల మీద రాతిపని నేర్చినవారు తక్కువ కావడం వింతే. ఉపకారవేతనంలో పది రోజుల ప్రయాణ ఖర్చు చేర్చి, ఈ మూడు చోట్లా కూర్చుని గీసిన బొమ్మల పుస్తకం ఒకటి అడిగితే, కాలేజీ తరగతి గదిలో దొరకని పాఠం చౌకగా దొరుకుతుంది. పానగల్లులో ఒక స్తంభం ముందు ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే వెలుగు ఏటవాలుగా పడినప్పుడు కనిపించిన చెక్కడం మధ్యాహ్నానికి చదునై మాయమవుతుంది. ఎంత లోతుకు చెక్కాలన్నది శిల్పి వెలుతురును బట్టి నిర్ణయించాడని చేతికి తెలిసేది అప్పుడే.

పేరు, ప్రతిఫలం

స్మారకం అన్నాక పేరు ఉండాలి, అందులో దాపరికం అక్కర్లేదు. పాత నల్లగొండ జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, చీరకు వేలసార్లు చేయి తిప్పి ఆసు పోసే (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా చుట్టే) తల్లి భుజం నొప్పి చూడలేక యంత్రం తయారు చేసి, దానికి ఆమె పేరు కలిపి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. నేత ఇళ్లలో ఆ పేరు రోజూ పనిలో నలుగుతుంది. ఉపకారవేతనం పేరు కూడా విద్యార్థి వాడే అచ్చు యంత్రం మీదనో, ఉలుల పెట్టె మీదనో, రెండేళ్లకొకరికి మారే గది తలుపు మీదనో ఉండవచ్చు.

విద్యార్థి నుంచి ఏం అడగాలన్నది ఆఖరి ప్రశ్న. ఏడాదికొకసారి చేసిన పనిని చూపమనడం, తరువాత వచ్చే విద్యార్థికి ఒక వేసవి చేయి పట్టి నేర్పమనడం సబబే. కృతజ్ఞతా ప్రసంగం అడగకపోయినా ఫరవాలేదు. చాలా కుటుంబాలకు మనసులో ఉండే కోరిక మరొకటి ఉంది: పాత పాస్‌పోర్టు ఫొటో ఒకటి ఇచ్చి, వచ్చే వర్ధంతికి పెద్దాయన చిత్రం వేయించుకోవాలని. అడగడంలో తప్పు లేదు. ఆ చిత్రానికి కాన్వాసు, రంగులు, పనికూలీ మాత్రం ఉపకారవేతనం లెక్కలో కలపకుండా విడిగా కట్టివ్వాలి.